పురిటికి వెళ్లే అమ్మకు టికెట్

12 నవంబర్ 2024, మంగళవారం. నంద్యాల

నిన్న రాత్రితో విస్తారా పేరు ముగిసింది. 2015 జనవరిలో ఎగరడం మొదలుపెట్టిన సంస్థ, పదేళ్లు నిండకముందే ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున ఎయిర్ ఇండియా ఖాతాలోకి మారుతున్నాయి. స్టాఫ్‌రూములో ఫిజిక్స్ సార్‌కి పొద్దుట్నుంచీ అదే ఆందోళన. ఢిల్లీలో కొడుకు దగ్గరికి వెళ్లి వచ్చినప్పుడల్లా కూడిన పాయింట్లు పోతాయేమోనని. పోవు సార్ అని చెప్పి, ఖాతాలు కలుపుకోవడం ఎలాగో ఫోనులో చూపించాను.

పోయినవాళ్లూ ఉన్నారు మరి. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు కింగ్ క్లబ్ మైళ్లు దాచుకున్నవాళ్లకి ఎక్కడానికి విమానమే లేకపోయింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. దాని మైళ్ల పథకం వేరే కంపెనీగా ఉండబట్టి బతికి, ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుంది. బ్యాంకులో వేసుకున్న డబ్బుకి ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. పాయింట్లకి ఏ రక్షణా లేదు, ఇచ్చినవాళ్లు ఎంత విలువంటే అంతే. అందుకే వాటిని నేను పొదుపు కింద ఎప్పుడూ లెక్క వేసుకోను. ఫలానా ప్రయాణానికి అని పోగుచేస్తాను, ఆ ప్రయాణం రాగానే వాడేస్తాను.

రాత్రి ఆళ్లగడ్డ నుంచి అక్క ఫోన్. మెల్‌బోర్న్‌లో ఉన్న తన కూతురికి మూడో నెల. జూన్ మధ్యలో పురుడని డాక్టర్లు చెప్పారట. అక్క సంతోషంలో నాలుగు మాటలు గబగబా చెప్పి ఆగిపోయింది. "పిల్ల అత్తగారికి పానం బాగలేదు, ఆమె పోలేదు. నేనే పోవల్ల. అంత లెక్క యాడ తెచ్చేది పాపా?" అంది.

నేను ఆదివారం వస్తానని చెప్పాను.

17 నవంబర్, ఆదివారం. ఆళ్లగడ్డ

బస్సు దిగి నడుస్తుంటే రోడ్డు పక్క షెడ్లలో ఆదివారమైనా పని ఆగలేదు. ఇప్పుడు గ్రైండర్ల రొద ఎక్కువైంది గానీ ముఖం చెక్కేటప్పుడు మాత్రం ఉలి చప్పుడే వినిపిస్తుంది. ఈ ఊరి రాతి శిల్పానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బావ షెడ్డులో ఒక నరసింహస్వామి, ఒక ఆంజనేయస్వామి సగం పనిలో ఉన్నారు. అడ్వాన్సు సొమ్ము రాయికీ కూలీలకీ అయిపోతుంది. మిగతాది విగ్రహం లారీ ఎక్కాకే. ఏ నెల లారీ ఎక్కుతుందో గుడి కట్టించేవాళ్ల చేతిలో ఉంటుంది. అందుకని అక్క దిగులు అర్థం చేసుకోవడానికి నాకు వివరాలు అక్కర్లేదు.

ఆమెకి చెప్పాను: నా కార్డు మీద పాయింట్లు ఉన్నాయి, వాటితో పోయేదానికి టికెట్ అవుతుంది, పన్నుల వరకే డబ్బు కట్టాలి.

బావ పలుగురాయి కూడా రెండుసార్లు తట్టి చూసే మనిషి. చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. "ఊరికే ఎవరూ ఏమీ ఇయ్యరు పాపా. ఇది ఎవరి లెక్క?" అన్నాడు.

ఇంతకన్నా సరైన ప్రశ్న ఈ విషయంలో నన్నెవరూ అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. పోయిన ఏడాది మేం పైఅంతస్తు వేసినప్పుడు టైల్స్, కరెంటు వైర్లు, బాత్రూము సామాన్లు, తలుపులు ఇవన్నీ కార్డు మీద కొన్నాం. కార్డు గీసినప్పుడల్లా షాపువాడికి వచ్చే డబ్బులోంచి బ్యాంకు కొంత శాతం పట్టుకుంటుంది. ఆ పట్టుకున్నదాంట్లో కొంత మనకి పాయింట్లుగా తిరిగి ఇస్తుంది. ఆ పాయింట్లని విమాన సంస్థ మైళ్లుగా మారిస్తే, ఆ మైళ్ల ఖరీదు బ్యాంకు విమాన సంస్థకి కడుతుంది. ఖాళీగా పోయే సీటుకి విమాన సంస్థకి ఎంతో కొంత వచ్చినట్టు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే పథకం మొదలుపెట్టినప్పుడు, తమ విమానం తరచూ ఎక్కేవాళ్లని వేరే కంపెనీకి పోనీయకుండా పట్టుకోవడానికి పెట్టింది. తర్వాత్తర్వాత బ్యాంకులు చేరి, విమానం ఎక్కనివాడు కూడా ఇంట్లో కూర్చుని మైళ్లు సంపాదించే దారి తెరిచాయి.

"అంటే టైల్స్ షాపాయన కట్టినాడన్న మాట" అన్నాడు బావ.

కొంత ఆయన. ఇంకొంత ఎవరు కట్టారో చెప్పబోయి ఊరుకున్నాను. అక్క అప్పటికే భోజనానికి పిలుస్తోంది.

1 డిసెంబర్, ఆదివారం. నంద్యాల

పొద్దున్నే లెక్క రాసుకున్నాను. నా దగ్గరున్నది యాక్సిస్ అట్లాస్ కార్డు. ఏటా ఐదు వేలు, దానిమీద జీఎస్టీ. మామూలు ఖర్చుకి నూటికి 2 ఎడ్జ్ మైల్స్ (ఈ కార్డు పాయింట్ల పేరు అది), విమాన సంస్థ దగ్గర నేరుగా కొంటే నూటికి 5. ఖర్చు మూడు లక్షలు దాటితే 2,500, ఏడున్నర లక్షలు దాటితే ఇంకో 2,500 అదనం. ఒక ఎడ్జ్ మైల్ ఇస్తే సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్ ఖాతాలో 2 మైళ్లు పడతాయి. కాబట్టి ఏడున్నర లక్షల ఖర్చుకి 15,000, అదనాలు 5,000, మొత్తం 20,000. అవతల 40,000 మైళ్లు. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి ఎకానమీలో సేవర్ అనే తక్కువ మైళ్ల రేటుకి ఒకవైపు సీటుకి అవి చాలు.

కానీ ఆ ఏడున్నర లక్షలు దేనిమీద ఖర్చు పెట్టామన్నది అసలు విషయం. బంగారం కొంటే పాయింట్లు లేవు. అద్దె, పెట్రోలు, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు, ప్రభుత్వానికి కట్టేవి, వాలెట్లో వేసేవి, వీటికీ లేవు. నంద్యాలలో ఒక మధ్యతరగతి ఇంటి ఖర్చులో పెద్దవన్నీ ఈ జాబితాలోనే ఉంటాయి. బేతంచెర్ల బండలు తెచ్చినచోట నగదే. ఇసుకకి నగదే. కూలీలకి నగదే. కార్డు తీసుకునే షాపుల్లో సగం మంది రెండు శాతం ఎక్కువ అడుగుతారు.

ఆ రెండు శాతం కట్టి గీయడం లాభమా, నష్టమా? నూటికి 4 క్రిస్‌ఫ్లయర్ మైళ్లు వస్తాయి. మైలు విలువ రూపాయి అనుకుంటే నాలుగు రూపాయలు వచ్చి రెండు పోయినట్టు. అర్ధరూపాయి అనుకుంటే రెండుకి రెండు, శ్రమ తప్ప ఏమీ లేదు. అందుకని మైలు విలువ ముందు తెలియాలి. దానికి నా పద్ధతి ఇది: టికెట్ నగదుకి కొంటే ఎంతో చూసి, అందులోంచి మైళ్లతో కొన్నా కట్టక తప్పని పన్నులు తీసేసి, మిగిలినదాన్ని మైళ్లతో భాగించడం. టికెట్ 42,000, పన్నులు 9,000, మైళ్లు 30,000 అనుకుందాం. మిగిలిన 33,000ని 30,000తో భాగిస్తే మైలుకి రూపాయి పది పైసలు. అదే టికెట్ చవక రోజుల్లో 24,000కే దొరుకుతుంటే మైలుకి యాభై పైసలే. అప్పుడు డబ్బు పెట్టి కొని మైళ్లు దాచుకోవాలి.

ఈ భాగాహారం చేయకుండా పాయింట్లని కేటలాగులో కుక్కర్లకీ బ్యాగులకీ ఇచ్చేసేవాళ్లు మా కాలేజీలోనే చాలామంది. ఎస్‌బీఐ కార్డు పాయింటు అలా వాడితే పావలా. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ పాయింటు వాళ్ల సైటులో విమాన టికెట్‌కి వాడితే అర్ధరూపాయి, అదే బ్యాంకు ఇన్ఫీనియా పాయింటు అయితే రూపాయి. కార్డును బట్టి, వాడే చోటును బట్టి పాయింటు రకరకాల విలువలు పలుకుతుంది. మా పిల్లలకి నిష్పత్తులు చెప్పేటప్పుడు ఈ లెక్కలు ఇవ్వాలని ఉంది. పాఠ్యపుస్తకంలో పాలు, నీళ్లు కలిపే లెక్కలకన్నా వాళ్ల ముందున్న జీవితానికి ఇవే దగ్గర.

21 డిసెంబర్, శనివారం. నంద్యాల

నిన్న సుప్రీంకోర్టు తీర్పు. క్రెడిట్ కార్డు బాకీ మీద ఏటా 30 శాతానికి మించి వడ్డీ వేయడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పినదాన్ని కొట్టేసింది. వడ్డీ రేటు సంగతి రిజర్వ్ బ్యాంకు చూసుకోవాల్సిందని కోర్టు మాట. అంటే నెలకి మూడున్నర, మూడుముప్పావు శాతం అలాగే నడుస్తుంది. ఏడాదికి నలభైకి పైనే.

పేపరు మడిచి పెట్టేసరికి వెనక వీధి ఆమె వచ్చింది, కొడుకు స్టేట్‌మెంట్లు సంచిలో వేసుకుని. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన కుర్రవాడు. మూడు కార్డులు. నెలనెలా 'మినిమమ్ డ్యూ' కట్టాడు. అది కడితే సరిపోతుందనుకున్నాడు. అసలు కాగితంలో అక్షరాలు చిన్నవి గానీ సంగతి చాలా పెద్దది: మొత్తం బాకీ గడువు లోపల కట్టకపోతే, యాభై రోజుల దాకా వడ్డీ ఉండదన్న సౌకర్యం రద్దయిపోతుంది. కొన్న రోజు నుంచీ వడ్డీ పడుతుంది. కొత్తగా కొన్నవాటిమీద కూడా మొదటి రోజు నుంచే. ఆ పైన ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు ఒక షాపులో గీసి, నూటికి మూడు రూపాయలు కమీషన్ పోగొట్టుకుని నగదు తెచ్చుకున్నాడు. మన ఊళ్లో ఈ పని చేసిపెట్టే షాపులు ఉన్నాయని అందరికీ తెలుసు.

ఆమె చేతిలో కాగితాలు వణుకుతున్నాయి. రెండు గంటలు కూర్చుని మొత్తం కూడాం. నేను చెప్పగలిగింది చెప్పాను. ఇంట్లో ఉన్న బంగారం బ్యాంకులో పెట్టి లోను తీసుకో, దాని వడ్డీ ఇందులో నాలుగో వంతు. మూడు కార్డులూ ఒకేసారి తీర్చేసి, రెండు మూసేయించు. కుర్రవాణ్ణి తిట్టొద్దు. బంగారం పోతుందేమోనని ఆమె భయం. ఇంట్లో ఉండి పోయేదానికన్నా బ్యాంకులో ఉండి మిగిలేది మేలన్నాను.

ఆమె వెళ్లాక ఆళ్లగడ్డలో బావకి చెప్పకుండా మింగిన సగం జవాబు గుర్తొచ్చింది. టైల్స్ షాపాయన కట్టిందే కాదు, ఈ కుర్రవాడు కట్టిన వడ్డీ కూడా బ్యాంకు లాభంలో ఉంది. ఆ లాభంలోంచే పాయింట్లు. ఇది తెలిసి కూడా నేను పాయింట్లు వాడతాను. నేను వాడకపోతే వాడి వడ్డీ తగ్గదు. అయితే వాడే ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలిసి ఉండాలి, తెలిసినవాళ్లు పక్కింటివాళ్లకి చెప్పాలి. ఎవరైనా నన్ను కార్డు తీసుకోమంటారా అని అడిగితే మొదట అడిగేది ఒకటే: పోయిన ఏడాదిలో ఏ నెలైనా చేతిలో డబ్బుకి కటకట అయిందా? అయితే వద్దు. ఎంత మంచి పాయింట్లయినా వద్దు.

ఇంకో సంగతి. నిన్నటి నుంచి యాక్సిస్‌లో పాయింట్లు మైళ్లుగా మార్చిన ప్రతిసారీ 199 రూపాయలు రుసుము. చిన్నదే. కానీ కొంచెం కొంచెంగా కాక ఒక్కసారే మార్చుకోవాలి. 2023 సెప్టెంబర్ 1న అదే బ్యాంకు మాగ్నస్ కార్డు మీద 5 పాయింట్లకి 4 మైళ్లు ఇచ్చేది కాస్తా 2 చేసింది. రాత్రికి రాత్రి సగం. అక్కకి టికెట్ త్వరగా తీసేయాలి.

15 జనవరి 2025, బుధవారం. కనుమ. ఆళ్లగడ్డ

అహోబిలం స్వామి ఇవాళ పారువేటకి బయల్దేరే రోజు. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ పల్లకీలో తిరిగి, తన పెళ్లికి తానే అందర్నీ పిలుచుకుని, నలభై రోజుల పైన తర్వాత బ్రహ్మోత్సవాలకి గుడి చేరతాడు. ఇంటికొచ్చిన స్వామికి పెట్టాల్సిన వాటి గురించి అక్క ఇప్పట్నుంచే మాట్లాడుతోంది. ఆ మాటల మధ్యలోనే పాస్‌పోర్టు తెప్పించి పేరు చూశాను.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మనకి ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకులో ఇంకోలా. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మైళ్ల ఖాతా పేరు బ్యాంకులోని పేరుతో కలవాలి, లేకపోతే బదిలీ ఆగుతుంది. అక్క పాస్‌పోర్టు శుభ్రంగా ఉంది. పిల్ల పెళ్లప్పుడు తీయించింది.

బ్యాంకు నా పాయింట్లని నా మైళ్ల ఖాతాకే పంపుతుంది, అక్క ఖాతాకి పంపదు. క్రిస్‌ఫ్లయర్‌లో అయిదుగురిని నామినీలుగా రాసుకుంటే మన మైళ్లతో వాళ్లకి టికెట్ తీయొచ్చు. అక్కని రాశాను. బావనీ రాయనా అంటే, "నాకేం పని ఆడ" అన్నాడు. అయినా పాస్‌పోర్టు నంబరు ఇచ్చాడు, రాశాను.

అక్కకి ఒక అనుమానం: "పిల్లకి ముందే నొప్పులొస్తే ఎట్ల? తేదీ ముందే కట్టేస్తావు గదా." పురిటికి వెళ్లేవాళ్లకి మైళ్ల టికెట్ అంత బాగా కుదరడానికి కారణమే అది. చవక నగదు టికెట్ రద్దు చేస్తే చాలాసార్లు చేతికొచ్చేది పన్నులే. మైళ్ల టికెట్ రద్దు చేస్తే కొద్ది రుసుము పట్టుకుని మైళ్లు వెనక్కి వేస్తారు, తేదీ కూడా మార్చుకోవచ్చు. పైగా నగదుకి ఒకవైపు టికెట్ విడిగా కొంటే సగానికన్నా ఎక్కువ పడుతుంటుంది. మైళ్లకైతే ఒకవైపు అంటే సరిగ్గా సగం. ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని తల్లికి ఇది ఎంత నిమ్మళం! ఇంకోటి, సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీట్లు 355 రోజుల ముందు తెరుస్తుంది. గర్భం 280 రోజులు. కడుపు పండిందని తెలిసిన రోజుకే పురిటి వేళ సీట్లు తెరిచి ఉంటాయి. అందరికన్నా ముందు వెతికేవాళ్లకి సేవర్ సీటు దొరుకుతుంది.

బావ విన్నాడు. "రాయి ఏరుకోనీకి పోయేటోడు పొద్దున్నే పోతాడు" అన్నాడు.

9 ఫిబ్రవరి, ఆదివారం. నంద్యాల

ఆస్ట్రేలియా వీసా వచ్చింది. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్లి రావడం తప్ప మిగతాదంతా ఆన్‌లైనే, అల్లుడే అక్కడ్నుంచి నింపాడు.

ఈ రాత్రి సీట్లు చూశాను. మే మూడో వారంలో హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడ్నుంచి మెల్‌బోర్న్. సింగపూర్–మెల్‌బోర్న్ మధ్య రోజుకి చాలా విమానాలు ఉండటం మంచిదయింది. మధ్యలో దిగి కూర్చునే సమయం మరీ తక్కువ కాకుండా, మరీ రాత్రంతా కాకుండా చూసుకోవాలి. అక్కకి మోకాళ్లు నొప్పులు. రెండు గంటలకి పైగా, అయిదులోపు ఉండేది ఒకటి దొరికింది. సేవర్ సీటు ఉంది.

సీటు కళ్లతో చూశాకే పాయింట్లు పంపాలి. ఒకసారి విమాన సంస్థకి వెళ్లిన పాయింట్లు బ్యాంకుకి వెనక్కి రావు. క్రిస్‌ఫ్లయర్‌లో పడ్డ మైళ్లకి 36 నెలలు ఆయుష్షు, ఆ తర్వాత అవీ ఉండవు. ఏదో ఒక రోజుకి పనికొస్తాయని ముందే మార్చిపెట్టుకునేవాళ్లని చూస్తే నాకు బాధ. కావాల్సినంతే, కావాల్సినప్పుడే. పంపాను.

16 ఫిబ్రవరి, ఆదివారం. నంద్యాల

మైళ్లు పడ్డాయి. సీటు ఇంకా ఉంది. టికెట్ తీశాను. పన్నులు కార్డు మీదే కట్టాను. శాకాహారం, చక్రాల కుర్చీ రెండూ అడిగాను.

చక్రాల కుర్చీ గురించి కొందరు తప్పుగా మాట్లాడతారు, నడవగలిగినవాళ్లు కూడా వాడుకుంటున్నారని. అక్కకి మోకాళ్ల కోసం నిజంగానే కావాలి. అయితే కావలసింది కాళ్లకి మాత్రమే కాదు. ఇంగ్లీషు రాని తల్లి ఒక్కతే సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయంలో ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి పోవాలి. పక్కన ఒక మనిషి ఉంటే చాలు. తెలుగు ఊళ్ల నుంచి అమెరికాకీ ఆస్ట్రేలియాకీ పురుళ్లకి వెళ్లే తల్లులు ఎంతమంది ఇలా మాట రాకుండా, పిల్లల మీద ధైర్యంతో భూగోళం సగం దాటుతున్నారు! వాళ్ల ధైర్యానికి తగ్గ గౌరవం మనం ఎక్కడా రాసి పెట్టలేదు.

పీఎన్ఆర్ అక్కకి ఫోనులో చదివాను. రాసుకోమంటే గోడ మీద క్యాలెండరులో రాసుకుందట.

30 మార్చి, ఆదివారం. ఉగాది. ఆళ్లగడ్డ

పచ్చడి తిని సర్దుడు గురించి కూర్చున్నాం. అక్క జాబితా: శొంఠి, పిప్పళ్లు, కాయం, వాము, నెయ్యి, ఎండుమిర్చి, నువ్వుల పొడి, బాలింతకి పెట్టే కారం, గోంగూర పచ్చడి. ఆస్ట్రేలియా వాళ్లకి బయటి తిండి, విత్తనం, మట్టి అంటే చాలా పట్టింపు. వాళ్ల పంటలకీ పశువులకీ రోగం తగలకూడదని. మొలకెత్తగల విత్తనాలు వద్దన్నాను. నెయ్యి వద్దు, అక్కడ దొరుకుతుంది. పొడులు శుభ్రంగా ప్యాక్ చేయించుకుని, దిగేటప్పుడు ఇచ్చే కార్డులో 'ఉన్నాయి' అని టిక్కు పెట్టాలి. చెప్పి చూపిస్తే, పనికిరానివి తీసి పక్కన పెడతారు, అంతే. దాస్తేనే జరిమానా, పెద్దది. ఆ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఎక్కడ టిక్కులు పెట్టాలో నమూనా గీసి పాస్‌పోర్టులో పెట్టాను.

అక్క ఇవాళ ఒక కవరు నా చేతిలో పెట్టింది. టికెట్ డబ్బులు. నేను తీసుకోలేదు. "ఊరికే పెట్టినావనిపించుకోను" అంది. చివరికి ఒప్పందం కుదిరింది. పన్నుల మొత్తం వరకు తీసుకున్నాను. అమ్మ పోయాక నా కాలేజీ ఫీజు కట్టింది ఈ అక్కే. ఆ లెక్క నేను ఎత్తలేదు, తను ఎత్తనివ్వదు.

11 మే, ఆదివారం. నంద్యాల

ఈ వారమంతా పాకిస్తాన్‌తో యుద్ధం భయం. ఉత్తరాదిలో, పడమర వైపు 32 విమానాశ్రయాలు మూసేశారు. నిన్న కాల్పులు ఆగాయి. అక్క రోజుకి రెండుసార్లు ఫోన్. హైదరాబాద్ నుంచి సింగపూర్ దారి తూర్పుకి, దానికి ఏమీ లేదని చెప్పాను. విమానం రద్దయితే మైళ్లు తిరిగి వస్తాయనీ చెప్పాను. "మైళ్లు వస్తే నాకేం, పిల్ల దగ్గరికి పోవల్ల గదా" అంది. అదీ నిజమే.

18 మే, ఆదివారం. నంద్యాల

నిన్న ఆళ్లగడ్డ నుంచి కారులో బయల్దేరి, నన్ను నంద్యాలలో ఎక్కించుకున్నారు. ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం పక్క నుంచే వెళ్లాం. 2021 మార్చిలో తెరిచిన ఈ చిన్న విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డ నియోజకవర్గంలోనిదే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో తెల్లదొరలు ఆయన్ని ఉరితీశారన్నది మా ఇళ్లలో పిల్లలకి ముందు చెప్పే చరిత్ర. అక్క కిటికీలోంచి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. మొదట్లో ఇక్కడ్నుంచి బెంగళూరు, చెన్నై, విశాఖపట్నాలకి విమానాలు వేశారు. దేశం దాటాలంటే మాత్రం ఇంకా దీన్ని దాటి శంషాబాద్ దాకా పోవాల్సిందే. మా వైపువాళ్లకి మైళ్లు ఎన్ని ఉన్నా మొదటి మూడు వందల కిలోమీటర్లు రోడ్డే.

టెర్మినల్ తలుపు దగ్గర మమ్మల్ని ఆపేశారు, టికెట్ ఉన్నవాళ్లే లోపలికి. చక్రాల కుర్చీ తెచ్చిన కుర్రవాడు మహబూబ్‌నగర్ వాడు. అక్క అతన్ని ఊరు, ఇల్లు, పెళ్లి అన్నీ అడుగుతూనే లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం పిల్ల నుంచి ఫోటో. మెల్‌బోర్న్ విమానాశ్రయంలో తల్లీ కూతురూ. శొంఠి, కాయం అన్నీ వదిలేశారట. గోంగూర పచ్చడి కూడా.

22 జూన్, ఆదివారం. ఆళ్లగడ్డ

మనవరాలు. అనుకున్నదానికి రెండు రోజులు ముందే వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం.

బావని చూడటానికి వచ్చాను. షెడ్డులో నరసింహస్వామి కళ్లు తెరిచే పని ఒకటే మిగిలింది. అల్లుడు ఫోనులో పంపిన ఫోటోలు చూపించాడు. కారమ్ డౌన్స్‌లో శివ విష్ణు దేవాలయం అని ఉంది, మెల్‌బోర్న్‌కి ఒక పక్కన. అక్క వెళ్లి గోపురం దగ్గర నిలబడి తీయించుకుంది. బావ ఫోటోలో అక్కని చూడలేదు. వేళ్లతో పెద్దది చేసి ద్వారపాలకుల చేతులు చూశాడు. చాలాసేపు చూశాడు.

"సెప్టెంబర్ల మీ అక్కని పిల్చకరానీకి ఎవరన్నా పోవల్ల గదా పాపా" అన్నాడు.

నామినీల్లో పేరు ముందే ఉంది. వీసాకి నెల పెట్టుకోవాలి. నా ఖాతాలో మైళ్లు ఒక సీటుకి చాలవు. తమ్ముడు బెంగళూరులో వాడే కార్డు పాయింట్లు కూడా క్రిస్‌ఫ్లయర్‌కి మారతాయి, వాణ్ణి అడగాలి. ఆగస్టు ఆఖర్లో పోయేదానికి సేవర్ లేదు, వెయిట్‌లిస్టు చూపిస్తోంది. తిరిగి వచ్చే రెండు సీట్లు సెప్టెంబర్ రెండో వారంలో ఉన్నాయి. ముందు ఆ రెండూ పట్టుకోవాలి.